చలికి బోటు ఇంజిన్ పగిలిందేమో అనుమానమా? కీ తిప్పే ముందు ఇవన్నీ చూడండి

మార్చి వచ్చిందంటే డాలస్, అట్లాంటా వైపు ఉండే మనవాళ్లు ఒకే ప్రశ్న అడుగుతారు. "చలికాలమంతా బోటు బయటే ఉంది, ఇంజిన్‌లో నీళ్లు తీయలేదు, ఇప్పుడు ఒకసారి స్టార్ట్ చేసి చూడమంటారా?" పాత బోటు కొనబోయేవాళ్లది ఇంకో రకం: "అమ్మేవాళ్లు స్టార్ట్ చేసి చూపించారు, బాగానే తిరుగుతోంది, తీసుకోవచ్చా?" ఇద్దరికీ నేను చెప్పేది ఒక్కటే. ఇంజిన్ తిరిగినంత మాత్రాన అది బాగున్నట్టు కాదు, కీ తిప్పడం అన్నిటికన్నా చివర చేయాల్సిన పని.

మినెసోటా, మిషిగన్ లాంటి చోట్ల చలి తప్పకుండా వస్తుందని అందరికీ తెలుసు కాబట్టి, ఇంజిన్‌ను చల్లబరచడానికి లోపలికి లాగిన నీళ్లను ముందే తీసేస్తారు. ఇబ్బంది ఎక్కువగా టెక్సాస్, జార్జియా వాళ్లకే, ఎందుకంటే అక్కడ గట్టి చలి ఏడాదికి రెండు మూడు రాత్రులే ఉంటుంది, కొన్నేళ్లు అసలు ఉండదు. 2021 ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. ఇంజిన్ గదిలో చిన్న హీటర్ పెట్టుకుని ధైర్యంగా ఉన్నవాళ్లకు కూడా ఆ వారం కరెంటు పోవడంతో హీటర్ పనిచేయలేదు. 2022లో క్రిస్మస్ ముందు అట్లాంటాలో 8 డిగ్రీలకు పడింది. అలాంటి రాత్రులను దాటిన బోటు మీ చేతికి వస్తే, చూడటానికి ఎంత కొత్తగా ఉన్నా కింద చెప్పిన పరీక్షలు చేయకుండా డబ్బు ఇవ్వకండి.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఇంజిన్ బ్లాక్ పోత ఇనుముది, అది సాగదు, పగులుతుంది. బ్లాక్ పక్కన గుండ్రంగా ఉండే బిళ్లలను ఫ్రీజ్ ప్లగ్‌లు అంటారు కదా, "గడ్డకడితే అవి ఊడిపోయి బ్లాక్‌ను కాపాడతాయి" అని చాలామంది నమ్ముతారు. అవి బ్లాక్‌ను పోత పోసేటప్పుడు ఇసుక బయటికి తీయడానికి ఉంచిన రంధ్రాలకు వేసిన మూతలు మాత్రమే. ఒక్కోసారి ఊడతాయి, చాలాసార్లు అవి చెక్కుచెదరకుండా పక్కనే బ్లాక్ పగులుతుంది. కాబట్టి ప్లగ్‌లు చూసి నిశ్చింతగా ఉండకండి. ప్లగ్ కొంచెం బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తే మాత్రం లోపల మంచు కట్టిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మొదట మీ ఇంజిన్ ఏ రకమో తెలుసుకోండి. సరస్సు నీళ్లే నేరుగా బ్లాక్‌లోకి వెళ్లి ఎగ్జాస్ట్‌తో బయటికి పోతే అది రా వాటర్ కూలింగ్. మంచినీటి సరస్సుల్లో కనిపించే 4.3 లీటర్ల వి6, 5.7 లీటర్ల వి8 మెర్‌క్రూయిజర్ కంపెనీ ఇంజిన్లు చాలావరకు ఇవే. కారులోలాగా మూత తీసి కూలెంట్ పోసే ట్యాంకు, పక్కన హీట్ ఎక్స్‌చేంజర్ (బయటి నీళ్లతో ఆ కూలెంట్‌ను చల్లబరిచే భాగం) ఉంటే అది క్లోజ్డ్ కూలింగ్. ఈ రెండో రకం ఉన్నవాళ్లు "మాది యాంటీఫ్రీజ్ ఇంజిన్, భయం లేదు" అంటుంటారు. యాంటీఫ్రీజ్, అంటే చలికి గడ్డకట్టని ద్రవం, ఉండేది సగం దారిలోనే. హీట్ ఎక్స్‌చేంజర్ రెండో వైపు, సముద్రం లేదా సరస్సు నీళ్లు లాగే పంపు, చాలా మోడళ్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు (సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే భాగాలు) కూడా బయటి నీళ్లతోనే నిండి ఉంటాయి. అవి మామూలుగానే పగులుతాయి.

కావలసినవి:

- మంచి వెలుతురు ఇచ్చే టార్చ్, కడ్డీకి బిగించిన చిన్న అద్దం. ఫోన్‌కు తగిలించే సన్నటి కెమెరా వైరు ఉంటే ఇంకా మేలు.
- వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, పాత గుడ్డలు, తెల్ల పేపర్ టవళ్లు.
- స్పార్క్ ప్లగ్ సాకెట్, కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతుందో చూపేది).
- చేత్తో కొట్టే కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్. కొనక్కర్లేదు, ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాల్లో డిపాజిట్ కడితే ఇస్తారు, తిరిగి ఇచ్చాక డబ్బు వాపసు.
- డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్ లాగే పంపు, నాలుగైదు గాజు సీసాలు.
- హోస్‌లు మూయడానికి రబ్బరు బిరడాలు, క్లాంప్‌లు.

1. బ్యాటరీ స్విచ్ ఆపేసి, కీ తీసి పక్కకు పెట్టండి.

ఎవరో ఒకరు ఉత్సాహంగా కీ తిప్పేస్తారు, అది జరగకూడదు. సిలిండర్‌లో నీళ్లు ఉన్నప్పుడు స్టార్టర్ తిప్పితే పిస్టన్ ఆ నీళ్లను నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చిన్న పగులుతో పోయే ఖర్చు మొత్తం ఇంజిన్ ఖర్చు అవుతుంది. పెట్రోలు బోటు కాబట్టి ఇంజిన్ మూత తెరిచి కాసేపు గాలి ఆడనివ్వండి, ఆ తర్వాతే టార్చ్, టూల్స్ లోపల పెట్టండి.

2. డ్రెయిన్ ప్లగ్‌లు తీసి చూడండి.

వి6, వి8ల్లో బ్లాక్‌కు రెండు పక్కలా ఒక్కొక్కటి, మానిఫోల్డ్‌లకు కింద ఒక్కొక్కటి ఉంటాయి. నీళ్లు తీయని ఇంజిన్ అయితే తీసిన ప్రతి రంధ్రంలోంచి నీళ్లు ధారగా రావాలి. నీళ్లు వస్తే చలికాలమంతా అవి లోపలే ఉన్నాయని అర్థం. ఏమీ రాకపోతే రెండు అర్థాలు: ఒకటి, ఎవరో ముందే తీశారు. రెండోది, రంధ్రం తుప్పు, ఇసుకతో మూసుకుపోయింది. ఈ రెండోదే చాలా బ్లాకులను చంపింది. యజమాని నిజాయితీగా ప్లగ్ తీశాడు, రెండు చుక్కలు పడ్డాయి, అయిపోయిందనుకుని మళ్లీ బిగించాడు, వెనక గ్యాలన్ల కొద్దీ నీళ్లు అలాగే ఉండిపోయాయి. సన్నటి గట్టి తీగ తీసుకుని రంధ్రంలోకి పొడిచి అటూ ఇటూ కదిపి చూడండి. తుప్పు నీళ్లు గబగబా వస్తే అనుమానం బలపడినట్టే.

3. బయట పగుళ్లు వెతకండి.

ఇక్కడ తొందరపడకండి, అరగంట పట్టినా పరవాలేదు. బ్లాక్ పక్క గోడలు, అంటే మానిఫోల్డ్‌కు కింద, ఫ్రీజ్ ప్లగ్‌లు ఉన్న వరుస దగ్గర, అడ్డంగా పోయే సన్నటి గీత ఎక్కువగా కనిపిస్తుంది. దాని అంచున తుప్పు కారిన మరక గానీ తెల్లటి ఉప్పులాంటి పొర గానీ ఉంటుంది. మానిఫోల్డ్‌ల అడుగు భాగం, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకునే వాల్వ్) హౌసింగ్, నీటి పంపు ఒళ్లు, హీట్ ఎక్స్‌చేంజర్ చివరి మూతలు, సీ స్ట్రెయినర్ (బయటి నీళ్లలో చెత్త పట్టే జల్లెడ) గిన్నె, పవర్ స్టీరింగ్ కూలర్, ట్రాన్స్‌మిషన్ కూలర్, బోటులో హీటర్ లేదా షవర్ ఉంటే వాటి గొట్టాలు, అన్నీ చూడండి. ఒకచోట పగులు దొరికితే ఆగిపోకండి. మంచు ఒక్కచోటే కట్టదు.

జిడ్డు, పెయింట్ మీద చూస్తే ఏమీ కనిపించదు. వైర్ బ్రష్‌తో రుద్ది, క్లీనర్ కొట్టి, ఆరాక చూడండి. కొనబోయే బోటులో ఇంజిన్ ఒక పక్క మాత్రమే కొత్తగా పెయింట్ వేసి ఉంటే గోరుతో గీకి చూడండి. కింద బూడిద రంగు ఎపాక్సీ బయటపడితే అది అతుకు. అమ్మే మనిషి చెప్పలేదంటే అతన్ని ఇక ఏమీ అడగక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయండి.

4. ఆయిల్ చూడండి, కానీ డిప్‌స్టిక్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి.

నీళ్లు ఆయిల్ కన్నా బరువు, నెలల తరబడి కదలని ఇంజిన్‌లో అవి ఆయిల్ పాన్ అడుగుకు చేరి పడుకుంటాయి. డిప్‌స్టిక్‌కు పైనున్న శుభ్రమైన ఆయిల్ అంటుకుని అంతా బాగున్నట్టే ఉంటుంది. పంపు గొట్టాన్ని అడుగు తగిలేదాకా దింపి మొదట వచ్చే ఆయిల్‌ను గాజు సీసాలోకి లాగండి. ముందు నీళ్లే వస్తే విషయం తేలిపోయింది. ఆయిల్ లెవెల్ గుర్తు దాటి పైకి ఉన్నా అదే అనుమానం.

ఇంజిన్ ఈ మధ్య తిరిగి ఉంటే నీళ్లు, ఆయిల్ చిలికినట్టు కలిసి పాలు ఎక్కువైన కాఫీ రంగుకు వస్తాయి. అనుమానంగా ఉంటే ఒక చుక్కను వేడి ఇనుప రేకు మీద వేయండి, నీళ్లుంటే చిటపటలాడుతుంది. కళ్లజోడు పెట్టుకుని, ఆయిల్ డబ్బాలకూ బోటుకూ దూరంగా చేయండి. బోటు పక్కన మంట వెలిగించడం అనే మాటే వద్దు.

అనవసరంగా కంగారు పడేది ఇక్కడే: ఆయిల్ పోసే మూత లోపలి వైపు కొద్దిగా తెల్లటి నురగ కనిపించగానే ఇంజిన్ పోయిందని టెన్షన్ పడతారు. తేమ వాతావరణంలో తక్కువసేపు తిప్పే ఇంజిన్లలో చెమ్మ పట్టి అలా అవుతుంది. అడుగు నుంచి తీసిన ఆయిల్ శుభ్రంగా ఉంటే ఆ నురగ ఒక్కటే దేనికీ సాక్ష్యం కాదు.

ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ కూడా తీయండి. ఎర్రటి ద్రవం పాలు కలిపినట్టు గులాబీ రంగుకు మారితే దాని కూలర్ లోపల పగిలి నీళ్లు వెళ్తున్నాయి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

5. స్పార్క్ ప్లగ్‌లు అన్నీ తీయండి.

ఏది ఏ సిలిండర్‌దో వరుసగా పెట్టుకోండి. ఒక ప్లగ్‌కు మాత్రమే తుప్పు, లేదా ఒకటి మాత్రమే ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరిసిపోతుంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తున్నాయి. కెమెరా వైరు దింపి లోపల తుప్పు గీతలున్నాయేమో చూడండి. తర్వాత ముందున్న పుల్లీ బోల్ట్‌కు పాన వేసి ఇంజిన్‌ను చేత్తో, అది మామూలుగా తిరిగే వైపే, రెండు చుట్లు నెమ్మదిగా తిప్పండి. కదలకపోతే బలం పెట్టకండి. ప్లగ్ రంధ్రానికి ముఖం అడ్డం పెట్టకండి, నీళ్లుంటే పిచికారీలా కొడతాయి.

సిలిండర్‌లో నీళ్లుంటే పగులే అనుకోనక్కర్లేదు. ఉప్పునీటిలో నడిచిన బోట్లలో ఎగ్జాస్ట్ రైజర్‌లు (మానిఫోల్డ్ మీద బిగించే వంపు గొట్టాలు) తుప్పు తిని, వాటి గాస్కెట్ (అతుకు మధ్య పెట్టే పలుచటి పొర) దగ్గర నీళ్లు వెనక్కి సిలిండర్‌లోకి దిగుతాయి. రైజర్ విప్పి గాస్కెట్ ముఖం మీద తుప్పు దారి ఉందేమో చూస్తే తెలుస్తుంది. అది మానిఫోల్డ్, రైజర్ మార్చడంతో పోయే పని, బ్లాక్ పగులుతో పోలిస్తే చాలా చిన్నది.

డీజిల్ ఇంజిన్ అయితే స్పార్క్ ప్లగ్‌లు ఉండవు, గ్లో ప్లగ్‌లో ఇంజెక్టర్లో తీయాలి. అలవాటు లేకపోతే ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

6. ప్రెషర్ టెస్ట్. అసలు తీర్పు ఇక్కడే.

మొత్తం మీద ఒకే పరీక్షకు సమయం ఉందంటే నేను ఇదే చేయమంటాను. కళ్లకు కనిపించని పగులు కూడా ఇక్కడ దొరుకుతుంది.

క్లోజ్డ్ కూలింగ్ అయితే సులువు. చల్లటి ఇంజిన్ మీద మాత్రమే మూత తీయండి, వేడిగా ఉంటే మరిగే కూలెంట్ మొహాన కొడుతుంది. కూలెంట్ నిండా పోసి, టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు, సాధారణంగా 15 పి.ఎస్.ఐ. దగ్గర, కొట్టి వదిలేయండి. ఇది కూలెంట్ వైపునే పరీక్షిస్తుందని గుర్తుంచుకోండి. బయటి నీళ్లు తిరిగే మానిఫోల్డ్‌లను, హీట్ ఎక్స్‌చేంజర్ రెండో వైపును విడిగా చూడాలి.

రా వాటర్ ఇంజిన్‌కు మూత ఉండదు, మనమే గది కట్టాలి. డ్రెయిన్ ప్లగ్‌లు తిరిగి బిగించి, బ్లాక్‌లోకి వెళ్లే, బయటికి వచ్చే హోస్‌లను థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర విప్పి, ఒకటి తప్ప అన్నిటికీ బిరడాలు పెట్టి క్లాంప్ బిగించండి. మిగిలిన దాంట్లోంచి బ్లాక్‌ను నీళ్లతో నింపి, గాలి బుడగలు పోయాక టెస్టర్ తగిలించి 15 వరకు కొట్టండి. కంప్రెసర్ గాలి నేరుగా పెట్టకండి. ఉత్త గాలి ఒత్తిడితో బిరడా ఊడితే తుపాకీ గుండులా వస్తుంది, నీళ్లు నింపితే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది, పైగా కారే చోటు తడిగా కనిపిస్తుంది. మానిఫోల్డ్‌లను విడిగా విప్పి రంధ్రాలు మూసి, నీళ్లు నింపి రాత్రంతా పేపర్ మీద పెట్టినా చాలావరకు తేలుతుంది.

అరగంట ఆగి ముల్లు చూడండి. కదలకపోతే మంచిది. పడిపోతే వెంటనే బ్లాక్‌ను తిట్టకండి, ముందు మీరు పెట్టిన బిరడాలు, టెస్టర్ జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయండి. ఈ పరీక్షలో తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఎండలో మొదలుపెట్టి నీడ పడేదాకా ఉంచినా ముల్లు కొంచెం జారుతుంది.

జాయింట్లు పొడిగా ఉండి, బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు పడుతుంటే నీళ్లు ఇంజిన్ లోపలికి వెళ్తున్నాయి. అప్పుడు ప్లగ్ రంధ్రాల్లో కెమెరా పెట్టండి, ఆయిల్ పాన్ అడుగు నుంచి మళ్లీ లాగి చూడండి. సిలిండర్లు పొడిగా ఉండి ఆయిల్‌లోకి నీళ్లు వస్తుంటే, వి ఆకారపు ఇంజిన్లలో రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలాంటి చోట, లిఫ్టర్ల (వాల్వులను కదిపే భాగాలు) దగ్గర, పగిలి ఉండే అవకాశం ఎక్కువ. బయటి నుంచి ఎంత అద్దం పెట్టినా అది కనిపించదు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాల్సిందే. పక్క గోడలు అద్దంలా ఉన్నాయని కొని, తర్వాత ఇక్కడ పగులు బయటపడినవాళ్లు చాలామందే ఉన్నారు.

టెస్టర్ దొరకలేదా? బ్లాక్‌ను పైదాకా నీళ్లతో నింపి, లెవెల్ గుర్తు పెట్టి మర్నాడు చూడండి. తగ్గితే లీకు ఖాయం. తగ్గకపోతే మాత్రం బాగున్నట్టు కాదు, ఒత్తిడి ఉంటేనే తెరుచుకునే పగుళ్లు ఉంటాయి.

7. కంప్రెషన్.

ప్రెషర్ నిలిచి, సిలిండర్లు పొడిగా ఉన్నాయని తేలాక బ్యాటరీ కలిపి, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ తెరిచి, ప్రతి సిలిండర్ చూడండి. స్టార్టర్‌ను పదిహేను సెకన్లకు మించి ఏకబిగిన తిప్పకండి, లోపల నీళ్లు లేక పంపులో తిరిగే రబ్బరు రెక్కలు (ఇంపెల్లర్) ఎండిపోతాయి. పైన చెప్పిన మెర్‌క్రూయిజర్లలో ఉండే జీఎమ్ (జనరల్ మోటార్స్) బ్లాకులకు వాడే లెక్క ఇది: ఏదీ 100 పి.ఎస్.ఐ. కన్నా తగ్గకూడదు, అన్నిటికన్నా తక్కువది ఎక్కువదానిలో 70 శాతానికైనా ఉండాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది. క్లోజ్డ్ కూలింగ్‌లో కూలెంట్ తగ్గుతూ బయట ఎక్కడా కారకపోతే బ్లాక్ టెస్టర్ ద్రవం తెచ్చి కూలెంట్ ట్యాంకు నోటి దగ్గర పెట్టి, కింద 8లో చెప్పినట్టు స్టార్ట్ చేశాక ఇంజిన్ తిరుగుతుండగా చూడండి, నీలం నుంచి పసుపుకు మారితే దహన వాయువులు కూలెంట్‌లోకి వస్తున్నాయి. రంగు మారకపోతే హీట్ ఎక్స్‌చేంజర్‌ను విప్పి పరీక్షించండి, లోపలి గొట్టం చిల్లు పడితే కూలెంట్ ఎగ్జాస్ట్ నీళ్లతో కలిసి సరస్సులోకి పోతుంది, బిల్జ్‌లో, అంటే బోటు అడుగున, చుక్క కూడా కనిపించదు.

8. ఇప్పుడు స్టార్ట్ చేయండి.

ఆరుబయట మాత్రమే, షెడ్డులో వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇంజిన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్ (బ్లోయర్) కనీసం నాలుగు నిమిషాలు నడపండి. నీళ్లు అందించకుండా తిప్పకండి: స్టెర్న్ డ్రైవ్‌కు (ఇంజిన్ లోపల, డ్రైవ్ బోటు వెనక బయట ఉండే రకం) చెవి మూతల్లాంటి మఫ్‌లు, అడుగు నుంచి నీళ్లు లాగే ఇన్‌బోర్డ్‌కు ఫేక్-ఎ-లేక్ లాంటి గొట్టం గానీ, పంపు హోస్‌ను బకెట్‌లో పెట్టి ఆ బకెట్ నింపుతూ ఉండటం గానీ.

రెండు ఎగ్జాస్ట్‌ల నుంచీ నీళ్లు సమానంగా రావాలి. పేపర్ టవల్ తీసుకుని ప్రతి జాయింట్, ప్రతి హోస్ కింద తుడుస్తూ వెళ్లండి, చేతికి తగలని చెమ్మ దాని మీద కనిపిస్తుంది. ఉష్ణోగ్రత 160 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కల నిలవాలి, ఎక్కుతూ పోతే ఆపేయండి. పదిహేను నిమిషాల తర్వాత ఆపి, ఆయిల్ మళ్లీ సీసాలోకి తీసి మొదటి సీసా పక్కన పెట్టి చూడండి. ట్రెయిలర్ మీద పొడిగా ఉన్న ఇంజిన్ సరస్సులో వేగం పెంచాక కారడం మామూలే, కాబట్టి నీళ్లలో ఒక గంట నడిపాక ఇదంతా మళ్లీ చేయాలి.

పగులు దొరికితే ఏం చేయాలి?

మానిఫోల్డ్, హౌసింగ్, పంపు అయితే మార్చేయండి. బ్లాక్ బయటి గోడలో చిన్న పగులైతే బాగా శుభ్రం చేసి, రెండు చివరలా చిన్న రంధ్రం వేసి, మెరైన్ ఎపాక్సీతో అతికించినవి కొన్ని మంచినీటిలో ఏళ్ల తరబడి నిలిచాయి. మెటల్ స్టిచింగ్ (వేడి లేకుండా పగులు పొడవునా లోహపు మేకులు బిగించి కుట్టడం) చేసేవాళ్లు దొరికితే అది ఇంకా నమ్మకమైన పని. పోత ఇనుమును మామూలు వెల్డింగ్ షాపులో వెల్డ్ చేయించకండి, పక్కన కొత్త పగుళ్లు పుడతాయి. లోపలి లోయలో, సిలిండర్ గోడలో పగిలితే వేరే ఇంజిన్ చూసుకోవడమే. రేడియేటర్ లీకు ఆపే మందులు పోయకండి, పగులు మూయకపోగా సన్నటి దారులన్నీ మూసేస్తాయి.

రిపేరు ఆలస్యమయ్యేలా ఉంటే ఇంజిన్‌ను అలాగే వదలకండి. నీళ్లు కలిసిన ఆయిల్ తీసేసి కొత్తది పోసి, ప్లగ్ రంధ్రాల్లో ఫాగింగ్ ఆయిల్ (తుప్పు పట్టకుండా కాపాడే స్ప్రే) కొట్టి, చేత్తో తిప్పండి. బేరింగులు, సిలిండర్లు తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు. రిపేరు అయ్యాక కూడా ఒక ఆయిల్ మార్పుతో లోపలి నీళ్లు పూర్తిగా పోవు, కొద్దిసేపు తిప్పి మార్చడం, రంగు శుభ్రంగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది.

ఇన్సూరెన్స్ ఉంటే విప్పడానికి ముందే ఫోటోలు తీసి ఫోన్ చేయండి, విప్పేశాక వాళ్లు ఒప్పుకోవడం కష్టం. పాలసీలో గడ్డకట్టడం వల్ల వచ్చే నష్టానికి కవరేజీ విడిగా ఉందేమో, ఉంటే వింటరైజేషన్ (చలికాలానికి ముందు నీళ్లు తీసి ఇంజిన్‌ను సిద్ధం చేయడం) బిల్లు అడుగుతారేమో చదవండి.

వచ్చే చలికాలం గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోసేవాళ్లకు ఒక మాట. ముందు నీళ్లన్నీ తీసేయండి, ఆ తర్వాతే పోయండి. నీళ్లతో నిండిన బ్లాక్‌లోకి పంపు ద్వారా పంపితే అది కలిసి పలచబడుతుంది, పైగా థర్మోస్టాట్ మూసి ఉంటే బ్లాక్‌లోకి వెళ్లకుండా ఎగ్జాస్ట్ నుంచి గులాబీ రంగులో బయటికి వచ్చేస్తుంది, మనం అయిపోయిందనుకుంటాం. క్లోజ్డ్ సిస్టమ్ కూలెంట్‌ను రిఫ్రాక్టోమీటర్‌తో (అది ఎంత చలికి గడ్డకడుతుందో చూపే పరికరం) కొలవండి. సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం నీళ్లు అయితే సుమారు మైనస్ 34 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఆగుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ వాడుతుంటే దాని స్కేలు వేరు, ఇథిలీన్ స్కేలు మీద చదివితే తప్పు అంకె వస్తుంది.